కింద టిఫిన్ సెంటర్, పైన ఇల్లు: ఒక్క ఏబీసీ ఎక్స్‌టింగ్విషర్ సరిపోతుందా?

మీ ప్రశ్న ఇది: కింద టిఫిన్ సెంటర్, దాని మీద మీ ఇల్లు, మెట్ల కింద ఇన్వర్టర్, గుమ్మం పక్కన, మెట్ల మొదట్లో ఎలక్ట్రిక్ స్కూటర్ ఛార్జింగ్. షాపువాళ్లు ఆరు కిలోల ఏబీసీ పౌడర్ ఎక్స్‌టింగ్విషర్ (మంట ఆర్పే సిలిండర్) చూపించి "అన్ని మంటలకీ ఇదే అండీ, ఇంకేం అక్కర్లేదు" అన్నారు. తీసుకోవచ్చా?

తీసుకోండి. కానీ అదొక్కటే సరిపోదు. మీరు చెప్పిన వాటిలో రెండింటికి ఏబీసీ పౌడర్ సరైన మందు కాదు. ఒకటి మూకుట్లో కాగే నూనె, రెండోది స్కూటర్ బ్యాటరీ. టిఫిన్ సెంటర్‌లో అన్నిటికంటే ఎక్కువగా అంటుకునేది ఆ నూనే కాబట్టి ముందు దాని సంగతి చూడాలి.

కొనేటప్పుడు అందరూ మంట ఆరుతుందా అని అడుగుతారు. ఆరిన మంట మళ్లీ అంటుకోకుండా ఉంటుందా అన్నది కూడా అడగాలి. పౌడర్ మంటను రెండు మూడు సెకన్లలో పడగొడుతుంది, అందులో దానికి సాటి లేదు. కానీ వేడిని దించదు. కాలిన వస్తువు ఇంకా వేడిగానే ఉంటే, పౌడర్ మబ్బు తొలగగానే మంట తిరిగి లేస్తుంది. అప్పటికి మీ చేతిలోది ఖాళీ అయి ఉంటుంది.

లేబుల్ మీది అక్షరాల అర్థం చూద్దాం. ఏ అంటే కట్టె, కాగితం, గుడ్డ, గోనె, గడ్డి లాంటివి, కాలి నిప్పుకణికలు మిగిల్చేవి. బీ అంటే పెట్రోలు, డీజిల్, థిన్నర్ లాంటి ద్రవాలు. సీ అంటే గ్యాస్. డీ అంటే మెగ్నీషియం, సోడియం, అల్యూమినియం పొడి లాంటి లోహాలు. వంట నూనెకు ఎఫ్. మన మార్కెట్లో దీన్ని ఎక్కువగా అమెరికా పేరుతో కే టైప్ అని అమ్ముతారు, రెండూ ఒకటే. కరెంటుకు మన పద్ధతిలో వేరే అక్షరం లేదు. కాలేది కరెంటు కాదు, తీగ మీది ప్లాస్టిక్కూ పక్కనున్న కట్టే. కరెంటున్న చోట వాడొచ్చా లేదా అన్నది లేబుల్ మీద విడిగా రాసి ఉంటుంది, అది చదవాలి. అమెరికాలో ఉన్న మనవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. అక్కడ సీ అంటే కరెంటు ఉన్న మంట, గ్యాస్ బీలోనే కలిసిపోతుంది. అందుకే ఇంటర్నెట్‌లో దొరికే అమెరికా పట్టికను పట్టుకుని ఇక్కడ కొంటే తికమక పడతారు.

ఇక నూనె. పునుగులు, గారెలు వేగేది 180 డిగ్రీల దగ్గర. మంట తగ్గించకుండా వదిలేస్తే ముందు పొగ వస్తుంది, ఆ తర్వాత 350 డిగ్రీలకు అటూ ఇటూ నూనె దానంతటదే అంటుకుంటుంది, నిప్పురవ్వ కూడా అక్కర్లేదు. ఒకసారి అంటుకున్నాక మూకుట్లో నూనె మొత్తం ఆ వేడిలోనే ఉంటుంది. పౌడర్ కొడితే పై మంట ఆరుతుంది, కింద నూనె 350 డిగ్రీల్లోనే ఉంటుంది, గాలి తగలగానే మళ్లీ భగ్గుమంటుంది. దగ్గర్నుంచి కొడితే ఇంకో ప్రమాదం, పౌడర్ వేగానికి మండే నూనె ఎగిరి వెనక గోడ మీదా పక్క స్టవ్ మీదా పడుతుంది. సీఓటూ (కార్బన్ డయాక్సైడ్ గ్యాస్) రకం కూడా అంతే, గ్యాస్ చెదిరిపోయాక నూనె వేడి అలాగే ఉంటుంది. నీళ్ల సంగతి చెప్పక్కర్లేదు. నీరు నూనె కంటే బరువు, అడుగుకు దిగి ఒక్కసారిగా ఆవిరవుతుంది. ఆవిరయ్యేటప్పుడు దాదాపు 1700 రెట్లు ఉబ్బి, పైనున్న మండే నూనెనంతా కప్పు దాకా విసిరేస్తుంది. ఒక్క చెంబు నీళ్లు చాలు వంటగది మొత్తం అంటుకోవడానికి.

ఎఫ్ రకంలో ఉండేది పొటాషియం లవణాల ద్రావణం. మంచి జల్లులా పడి, కాగే నూనెతో కలిసి పైన సబ్బు నురగ లాంటి పొర కడుతుంది. పొర గాలిని ఆపుతుంది, ద్రావణంలోని నీరు నూనెను చల్లారుస్తుంది. రెండు పనులూ జరుగుతాయి కాబట్టి మంట తిరిగి లేవదు. ఏబీసీ పౌడర్‌లోని మోనో అమ్మోనియం ఫాస్ఫేట్‌ది ఆమ్ల గుణం, దానితో ఆ సబ్బు పొర ఏర్పడదు. పైగా ఎఫ్ కొట్టిన తర్వాత కంగారులో ఏబీసీ కూడా కొడితే కట్టిన పొర విరిగిపోతుంది. మీ వంటవాళ్లకు ఇది ముందే చెప్పి ఉంచాలి: నూనెకు ఎఫ్ ఒక్కటే, దాని మీద ఇంకేమీ కొట్టకూడదు.

వాడే వరస ఇది. ముందు బర్నర్ ఆపాలి, చెయ్యి పెట్టలేకపోతే గ్యాస్ బండ దగ్గర వాల్వ్ కట్టేయాలి. కింద మంట మండుతూ ఉంటే ఏది కొట్టినా వృథా. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆపాలి, లేకపోతే మంటను జిడ్డు పట్టిన గొట్టంలోకి లాగుతుంది. తర్వాత కనీసం మీటరు దూరం నుంచి, నాజిల్‌ను కాస్త పైకి పట్టి, జల్లు నూనె మీద మెల్లగా రాలేలా కొట్టాలి. మంట ఆరింది కదా అని మధ్యలో ఆపకుండా మొత్తం ఖాళీ చేయాలి. మూకుడు కదపకూడదు. అర గంట దాకా ఎవరూ దాన్ని ముట్టుకోకూడదు.

టిఫిన్ సెంటర్‌కు ఆరు లీటర్ల ఎఫ్ ఒకటి పెట్టుకోండి. దానికంటే ముందు, వందల రూపాయల్లో అయ్యే పని ఒకటుంది. మీ మూకుడు కంటే నాలుగు అంగుళాలు ఎక్కువ వెడల్పుతో రేకు మూత చేయించండి, దానికి పొడుగు పిడి పెట్టించండి. మంట చిన్నగా ఉన్నప్పుడే దాన్ని మీ వైపు నుంచి అవతలికి జరుపుతూ కప్పితే చాలు. పైనుంచి పడేయకూడదు, మధ్యలో ఎత్తి చూడకూడదు. ఈ మూత స్టవ్ వెనక గోడకు తగిలించవద్దు, మంట మీదుగా చెయ్యి చాపాల్సి వస్తుంది. పక్క గోడకు ఉండాలి.

తడి గోనె సంచి గురించి కూడా ఇక్కడే చెప్పాలి. గ్యాస్ బండ మూతి దగ్గర మంట వస్తే తడి గోనె కప్పి వాల్వ్ కట్టడం సరైన పద్ధతి. అదే గోనె, నీళ్లు కారుతున్నది, నూనె మూకుడు మీద వేస్తే చెంబుతో నీళ్లు పోసినట్టే. రెండింటినీ కలిపి నేర్పితే ప్రమాదం. మీ పనివాళ్లకు విడివిడిగా చూపించండి.

ఇప్పుడు గ్యాస్. ఏబీసీ పౌడర్ గ్యాస్ మంటను ఆర్పగలదు. కానీ గ్యాస్ ఆగకుండా మంట ఆర్పితే, వచ్చే గ్యాస్ అంతా గదిలో నిండుతుంది. ఎల్పీజీ గాలి కంటే బరువు, నేల మీద పరుచుకుని డ్రైనేజీలోకి, మెట్ల కిందికి చేరుతుంది. గాలిలో సుమారు 2 శాతం ఉంటే చాలు, రవ్వ తగిలితే పేలుతుంది. మెట్ల కింద మీ ఇన్వర్టర్ ఉంది, దాని రిలే (లోపలి స్విచ్) టక్కున కొట్టినా చాలు. కాబట్టి మూతి దగ్గర మండుతున్న గ్యాస్ కంటే, ఆరిపోయి లీకవుతున్న గ్యాస్ ఎక్కువ ప్రమాదం. పౌడర్ వాడాల్సింది వాల్వ్ దాకా చెయ్యి వెళ్లడానికి దారి కోసమే: కొట్టాలి, ఆరిన క్షణంలోనే వాల్వ్ కట్టాలి. వాల్వ్ కట్టడం కుదరదని ముందే తెలిస్తే మంట ఆర్పవద్దు, అందరినీ బయటికి పంపి 101కో 112కో ఫోన్ చేయండి. బండకే మంట తగులుతూ ఉంటే దగ్గర నిలబడవద్దు. మంట లేకుండా వాసన మాత్రమే వస్తుంటే స్విచ్ వేయకూడదు, తీయకూడదు, ఫ్యాన్ కూడా ముట్టుకోకూడదు. తలుపులు తెరిచి, రెగ్యులేటర్ కట్టి, బయటికి వచ్చాక 1906కు ఫోన్ చేయాలి. ఆ ఇన్వర్టర్‌ను అక్కడి నుంచి మార్చమని గట్టిగా చెబుతున్నాను.

ఆ ఆరు కిలోల ఏబీసీ మీ దగ్గర నిజంగా పనికొచ్చేది గోనె సంచులు, అట్టపెట్టెలు, కర్టెన్లు, చెక్క బల్లలు అంటుకున్నప్పుడు, పైన చెప్పిన గ్యాస్ పనికి, జనరేటర్ ఉంటే దాని డీజిల్‌కు. వేడి కట్టె మీద పడిన పౌడర్ కరిగి గాజు పూతలా పట్టేసి గాలిని ఆపుతుంది, 'ఏ' తరగతి మంటలకు అది పనికొచ్చేది ఇందుకే. అయినా లోతుగా రాజుకున్న వాటికి ఆ పూత చేరదు. గుంటూరు, ఆదిలాబాద్ వైపు జిన్నింగ్ మిల్లుల్లో పత్తి అంటుకున్నప్పుడు పై మంట పౌడర్‌తో ఆరినట్టే కనిపిస్తుంది, బేలు లోపల కుమ్ముతూ గంటల తర్వాత మళ్లీ లేస్తుంది. పత్తికీ, గడ్డివాముకీ, పరుపుకీ చివరికి నీళ్లే కావాలి, విప్పి లోపలి దాకా తడపాలి. మీ దగ్గర గోనె సంచుల గుట్ట అంటుకుంటే ముందు పౌడర్ కొట్టి, కరెంటు తీసేసి, ఒక్కొక్క సంచీ బయటికి లాగి తడపండి.

కరెంటు దగ్గర జనం తరచుగా మరిచిపోయే విషయం ఒకటుంది. మెయిన్ ఎంసీబీ (మెయిన్ స్విచ్) తీయగానే ఇల్లంతా చచ్చిపోదు. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో మెయిన్ తీయగానే ఇన్వర్టర్ అందుకుని అవే తీగలకు 230 వోల్టులు పంపుతుంది. ఇన్వర్టర్ స్విచ్ కూడా తీయాలి, తీసినా బ్యాటరీ తీగల్లో కరెంటు ఉంటుంది. ఇంటి మీద సోలార్ పలకలుంటే పగటి పూట వాటి నుంచి దిగే తీగలు ఎప్పుడూ బతికే ఉంటాయి. ఇలాంటి చోట సీఓటూ మంచిది: కరెంటు పాకదు, మరక పెట్టదు. ఏబీసీ పౌడర్ కూడా ఆర్పుతుంది, కానీ గాలిలో తేమ తగిలితే ఆ పొడి రాగి తీగల్నీ సర్క్యూట్ బోర్డుల్నీ తినేస్తుంది. మంట తినకుండా మిగిలిన కంప్యూటర్ పౌడర్‌తో పోతుంది. కాలే తీగ చుట్టూ చెక్క, ప్లాస్టిక్ ఎక్కువగా ఉంటే మాత్రం సీఓటూతో పూర్తిగా ఆరకపోవచ్చు, దాని వెనక ఏబీసీ సిద్ధంగా ఉండాలి.

సీఓటూ ఊపిరి సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. రెండు కిలోల సీఓటూ బయటికి వస్తే దాదాపు 1.1 ఘనమీటర్ల గ్యాస్ అవుతుంది. పది అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గది 28 ఘనమీటర్లు, అంటే గదిలో 4 శాతం. ప్రాణానికి తక్షణ ప్రమాదమని లెక్కపెట్టే హద్దు అదే. 4.5 కిలోలది కొడితే దాదాపు 9 శాతం అవుతుంది. మెట్ల కింద గూడు అంతకంటే చాలా చిన్నది. కాబట్టి తలుపు దగ్గర నిలబడి కొట్టాలి, తలుపు మూయాలి, గాలి ఆడేదాకా లోపలికి తల పెట్టకూడదు. పట్టుకోవాల్సింది పిడినే, కొమ్ము లాంటి నల్లటి గొట్టాన్ని కాదు. బయటికి వచ్చేటప్పుడు గ్యాస్ మైనస్ 78 డిగ్రీల చలికి గడ్డకట్టి మంచులా వస్తుంది, చర్మం అంటుకుపోతుంది. మీకు రెండు కిలోలది ఒకటి చాలు, ఇన్వర్టర్ ఉన్న చోటికి బయట.

క్లీన్ ఏజెంట్ అని ఖరీదైనవి ఉన్నాయి, మరక పెట్టవు, సర్వర్ గదులకు మంచివి. మీకు అవసరం లేదు.

స్కూటర్ విషయంలో ఏ ఎక్స్‌టింగ్విషర్ పేరూ చెప్పను. లిథియం అయాన్ బ్యాటరీలో ఒక సెల్ వేడెక్కితే ఆ వేడికి పక్క సెల్, దాని వేడికి ఇంకో సెల్ అంటుకుంటూ పోతాయి. పౌడర్, సీఓటూ పై మంట తీస్తాయి, లోపలి వేడిని ముట్టవు. పేరులో లిథియం ఉంది కదా అని డీ రకం అంటగట్టేవాళ్లున్నారు. అది లోహం పొడులకు, ఈ బ్యాటరీకి కాదు. ఆగాలంటే చాలాసేపు, చాలా నీళ్లు పోసి చల్లార్చాలి, అది ఫైర్ స్టేషన్ వాళ్లు చేసే పని. వచ్చే పొగ విషం. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో మంటలొచ్చి, పొగ పైనున్న లాడ్జిలోకి ఎక్కి ఎనిమిది మంది చనిపోయారు. మీ ఇల్లు కూడా పైనే ఉంది, దిగడానికి మెట్లు ఒక్కటే, స్కూటర్ ఆ మెట్ల మొదట్లో ఉంది. దాన్ని ఈ రోజే ఆరుబయటికి, మెట్లకూ కిటికీలకూ దూరంగా మార్చండి. బ్యాటరీ ఊడదీసే రకమైతే పడకగదిలో, గుమ్మం పక్కన ఛార్జ్ పెట్టవద్దు. ఎక్స్‌టింగ్విషర్ కొనడం కంటే ముందు చేయాల్సింది ఇది.

రసాయనాల గోడౌన్, ల్యాబ్ వంటివి ఉన్నవాళ్లు కూడా చదువుతారు కాబట్టి ఒక మాట. మెథనాల్, ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్), అసిటోన్ లాంటి నీళ్లలో కలిసే సాల్వెంట్ల మీద మామూలు ఫోమ్ (నురగ) పొర నిలవదు, సాల్వెంట్ అందులోని నీటిని లాగేసుకుంటుంది. వాటికి ఆల్కహాల్ తట్టుకునే ఫోమ్ వేరేగా ఉంది, అడిగి తీసుకోవాలి. సోడియం లోహం, మెగ్నీషియం పొడి ఉన్నచోట నీళ్లు, సీఓటూ దగ్గరికి రాకూడదు, డీ రకం పౌడర్ గానీ బాగా ఎండిన ఇసుక గానీ ఉండాలి. ఇసుక తడిగా ఉంటే లోపలి నీటితో హైడ్రోజన్ పుడుతుంది.

కొనేటప్పుడు ఐఎస్ఐ మార్కు, ఐఎస్ 15683 చూడండి. మార్కు కింద ఉన్న లైసెన్స్ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి, వచ్చిన తయారీదారు పేరూ లేబుల్ మీది పేరూ ఒకటేనా అని చూసుకోండి. షాపులోనే రెండు నిమిషాల్లో అయ్యే పని. పౌడర్‌లో మోనో అమ్మోనియం ఫాస్ఫేట్ 50 శాతం, 90 శాతం అని రెండు రకాలు అమ్ముతారు, 90 శాతానిది మేలు. కిలోలే కాదు, 2ఏ, 21బీ లాంటి రేటింగ్ కూడా లేబుల్ మీద ఉంటుంది. ఒకే బరువున్న రెండింటిలో అంకె పెద్దగా ఉన్నది ఎక్కువ మంట ఆర్పినట్టు.

పెద్దది కొనడమే మంచిదని అనుకోకండి. ఆరు కిలోల పౌడర్‌ది గుల్లతో (ఖాళీ సిలిండర్‌తో) కలిపి తొమ్మిది, పది కిలోలు తూగుతుంది. కింద పనివాళ్లు ఎత్తగలరు. పైన ఇంట్లో మీ అమ్మగారు ఎత్తలేకపోతే అక్కడ రెండు కిలోల ఏబీసీ పెట్టండి, మెట్ల తలుపు దగ్గర. రెండు కిలోలది పది సెకన్లకు అటూ ఇటూ ఖాళీ అవుతుంది, కాబట్టి మంట చెత్తబుట్ట కంటే పెద్దదైతే, పొగ తల ఎత్తుకు దిగితే, అది ఎత్తకుండా దిగిపోవాలి.

ఎక్కడ తగిలించాలన్నది కూడా ముఖ్యమే. స్టవ్ పైన, పక్కన వద్దు. వంటగది గుమ్మం బయట, లోపలికి వెళ్తుంటే చేతికి అందేలా, అడుగు నేల నుంచి దాదాపు 75 సెంటీమీటర్ల ఎత్తులో. ముందు బియ్యం బస్తాలు పేర్చకూడదు. వాడేటప్పుడు తలుపు మీ వెనక ఉండాలి, పిన్ను లాగి, రెండు మూడు మీటర్ల దూరంలో నిలబడి, మంట మొదలును గురిపెట్టి, అటూ ఇటూ ఊపుతూ కొట్టాలి. నూనెకు చెప్పిన పద్ధతి వేరు, దాన్ని దీనితో కలపవద్దు. సీఓటూను ఎండ పడే చోట పెట్టకండి. 31 డిగ్రీలు దాటితే లోపల ద్రవం ద్రవంగా ఉండదు, ఒత్తిడి త్వరగా పెరుగుతుంది. విజయవాడ మే ఎండలో దాని సేఫ్టీ డిస్క్ చీలి గ్యాస్ అంతా పోగలదు.

మోసం ఎక్కువగా జరిగేది రీఫిల్‌లో. ప్రెషర్ గేజ్ ముల్లు ఆకుపచ్చలో ఉంటే ఒత్తిడి ఉందని మాత్రమే అర్థం, లోపల పౌడర్ గడ్డకట్టినా ముల్లు అక్కడే ఉంటుంది. నెలకోసారి దించి, తలకిందులు చేసి పట్టుకోండి, పొడి జారే కదలిక చేతికి తెలియాలి. రీఫిల్‌లో నైట్రోజన్ ఎక్కించాలి, టైర్ల కంప్రెసర్ గాలి కాదు, ఆ గాలిలోని తేమకే పౌడర్ గడ్డకడుతుంది. ఏబీసీ గుల్లలో చవకైన బీసీ పౌడర్, అంటే సోడా బైకార్బనేట్‌ది, కలిపి నింపేవాళ్లున్నారు. ఆ రెండూ కలిస్తే మెల్లగా చర్య జరిగి నీరూ సీఓటూ పుడతాయి, పొడి రాయవుతుంది, లోపల ఒత్తిడి ప్రమాదకరంగా పెరగొచ్చు. కాబట్టి ఎదుట నింపే చోటే ఇవ్వండి, పౌడర్ సంచి మీద పేరు చూడండి. ఒక్క సెకను కొట్టి వదిలేసినా రీఫిల్ చేయించాల్సిందే: వాల్వ్ సీటులో పొడి ఇరుక్కుని, ఒకట్రెండు రోజుల్లో ఒత్తిడంతా జారిపోతుంది. అన్నీ ఒకేసారి పంపవద్దు, ఒకటి వచ్చాక ఇంకొకటి.

పౌడర్, ఫోమ్, నీళ్ల రకాల గుల్లకు మూడేళ్లకోసారి, సీఓటూకు ఐదేళ్లకోసారి హైడ్రాలిక్ ప్రెషర్ టెస్ట్ (నీటి ఒత్తిడితో గుల్ల గట్టిదనం చూసే పరీక్ష) జరగాలి, ఆ తేదీ గుల్ల మీద గానీ ట్యాగ్ మీద గానీ ఉండాలి. పౌడర్ గుల్లకు పదేళ్లు, సీఓటూకు పదిహేనేళ్లు నిండాక రీఫిల్ చేయించకుండా మార్చేయండి. సీఓటూకు ముల్లు ఉండదు, తూకమే దారి. ఖాళీ బరువు దాని మీదే చెక్కి ఉంటుంది. మీ రెండు కిలోలదాన్ని మీ షాపు కాటా మీదే పెట్టండి, ఖాళీ బరువు తీసేశాక 1.8 కిలోల కంటే తక్కువ మిగిలితే రీఫిల్‌కు పంపండి.